ఏ గడిలోనూ పట్టని వదిన

జూన్ 2

మరదలు పిల్లకు,

ముందు ఈ ఒక్క ముక్క చదువు: ఎవరికీ ఏమీ కాలేదు. మీ అన్నయ్య ఒంటి మీద గీత కూడా పడలేదు. నాకు మోచెయ్యి కొట్టుకుంది, అదీ కంగారులో తలుపు తగిలి. ఇక కుదురుగా కూర్చో. కూర్చున్నావా? మన ఏనుగు పడిపోయింది.

అవును, డాబా మీది నీళ్ళ ట్యాంకే. బూడిద రంగూ, బానపొట్టా, ముందుకు వేలాడే గొట్టమూ చూసి చిన్నప్పుడు దానికి ఆ పేరు పెట్టింది నువ్వే. నిన్న మధ్యాహ్నం నిండుకుండలా ఉన్నది ఉన్నట్టు స్లాబు చీల్చుకుని ముందు గదిలోకి దిగింది. దిగి, సరిగ్గా నా కటింగ్ బల్ల మీద కూర్చుంది. నేను కాఫీ కలుపుకుందామని అప్పుడే వంటింట్లోకి వెళ్ళాను. లేకపోతే ఈ ఉత్తరం ఇంకెవరైనా రాసేవాళ్ళు. ఇల్లంతా అదిరింది, వీధిలో కుక్కలు మొరిగాయి, పక్కింటివాళ్ళు భూకంపమని బయటికి పరిగెత్తారు. వెనక గదిలో నిద్రపోతున్న మీ అన్నయ్య మాత్రం కళ్ళు తెరవకుండానే "ఏమిటది, పాలు పొంగాయా?" అన్నారు.

మూడు కుట్టు మిషన్లలో రెండు నలిగిపోయాయి, వీధి తలుపు చెక్కలు చెక్కలైంది. స్కూలు యూనిఫారాల నీలం గుడ్డ తానులకు తానులు బురదలో మునిగింది. స్కూళ్ళు తెరిచేలోపల ఇవ్వాల్సినవి అవి. రాత్రంతా ఏడుద్దామనుకున్నాను గానీ నీళ్ళు తోడటంతోనే తెల్లారింది.

అయితే మనకు బీమా ఉంది కదా! పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. ఎంత మర్యాద అనుకున్నావు!

"ఏం జరిగిందండీ?" అంది.

"ఏనుగు పడిందమ్మా, ముందు గదిలో."

"పెద్దదాండీ?"

"చాలా పెద్దది. మా మామయ్యగారు ఉన్నప్పటిది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఆ గదిలోనే ఉందమ్మా. కదలటం లేదు."

"మీరు మాత్రం దాని దగ్గరికి వెళ్ళకండి మేడం. పిల్లలుంటే అసలే వెళ్ళనివ్వకండి" అంది. కన్నకూతురు కూడా అంత ఆప్యాయంగా చెప్పదు. అనవసరంగా జనం బీమా కంపెనీలను ఆడిపోసుకుంటారు.

పాలసీ నీ పేరు మీద ఉంది కాబట్టి నువ్వు కూడా ఒక ఉత్తరం ముక్క రాయాలట. వెంటనే రాయి.

ఆశీస్సులతో,
నీ వదిన

*

జూన్ 9

వదినా,

సామాన్ల వ్యాన్ వారానికొకసారే ఈ కొండెక్కుతుంది, ఉత్తరాలూ దాంట్లోనే. నీ ఉత్తరం డ్రైవరు చేతిలోంచి లాక్కుని అక్కడే మట్టిలో కూలబడి చదివాను. నువ్వు ఆ కాఫీకి వెళ్ళకపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నది పక్కన పెట్టేస్తున్నాను. ఇక్కడ ఫోన్ పలకదని ఇన్నేళ్ళలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

కంపెనీకి ఉత్తరం రాసేశాను. "మా ఇంటి డాబా మీది నీళ్ళ ట్యాంకు స్లాబుతో సహా ముందు గదిలో కూలింది" అని ఒకటే వాక్యం. ఎక్కువ రాస్తే ఎక్కువ ప్రశ్నలు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. నష్టం లెక్కకట్టే సర్వేయరు వచ్చి చూసేదాకా ఏ వస్తువూ కదపొద్దు. పుల్ల కూడా. మా వాతావరణ కేంద్రంలో పిడుగు పడి యాంటెన్నా పోయినప్పుడు మేము పుణ్యానికి గది శుభ్రం చేశాం. నష్టమే కనిపించడం లేదని పైసా ఇవ్వలేదు.

వాన గురించి భయపడకు. ఇక్కడి పరికరాలన్నీ చూశాను, ఈ వారం అటువైపు చినుకు పడదు.

అన్నయ్యను స్లాబు కింద నిలబడి పైకి చూడొద్దని చెప్పు. తప్పకుండా చూస్తాడు, అందుకని.

నీ మరదలు

*

జూన్ 15

మరదలా,

నువ్వు చినుకు పడదన్న రోజు సాయంత్రమే కుండపోత. కొండ మీద కూర్చుని మేఘాలను ఇంత దగ్గర్నించి చూస్తావు, అవి నీతోనే పరాచికాలాడుతున్నాయి. ఇకమీదట నువ్వు వాన రాదంటే గొడుగు తీసుకుంటాను, వస్తుందంటే బట్టలు ఆరేస్తాను.

నువ్వు చెప్పినట్టే పుల్ల కూడా కదపలేదు. ముందు గదిలో ఏనుగు, దాని కింద బల్ల, బల్ల కింద మీ అన్నయ్య చెప్పుల జత. ఆయన వట్టి కాళ్ళతో తిరుగుతున్నారు. "సాక్ష్యం" అంటున్నారు ఎవరైనా అడిగితే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరూ ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి తర్వాత నా దగ్గరికి వస్తున్నారు. మిగిలిన ఒక్క మిషనూ వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని కుడుతున్నాను. నిన్న ఒక చొక్కా జేబులో ఉప్పు దొరికిందని గొడవ.

ఇక అసలు సంగతి. కంపెనీ నుంచి జవాబొచ్చింది. నమ్ముతావా? మన కేసు "అడవి జంతువుల వల్ల నష్టం" అనే విభాగానికి వెళ్ళిందట! ఏనుగు మన ఇంట్లో పడినట్టు అటవీ శాఖ నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. అప్పటికి గానీ నాకు ఆ ఫోనమ్మాయి ఆప్యాయత అర్థం కాలేదు.

వెంటనే ఫోన్ చేస్తే ఈసారి ఒకాయన ఎత్తాడు. "అయ్యా, అది ఏనుగు కాదు, ట్యాంకు" అన్నాను. "మొదట ఏనుగన్నారు, ఇప్పుడు ట్యాంకంటున్నారు. రేపేమంటారు?" అన్నాడు. ఏనుగు కాదనడానికైనా సరే అటవీ శాఖ కాగితమే కావాలట.

ఆ ఆఫీసుకూ పోయాం. ఏం చేస్తాం, అడుసు తొక్కాక కాలు కడుక్కోవాలిగా. అక్కడి అధికారి పెద్ద మనిషి. చెప్పిందంతా విని, పెన్ను మూత తీసి, "ఇంతకీ అది ఇప్పుడు ఎటువైపు వెళ్ళింది?" అని అడిగాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చివరికి "ఈ ప్రాంతంలో ఏనుగులు లేవు" అని ఒక కాగితం రాసిచ్చాడు.

అది పట్టుకెళ్ళి కంపెనీ వాళ్ళకు పంపిస్తూ మీ అన్నయ్య పాలసీని కూడా జతచేశారు. చేసేముందు, జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? పాలసీ మొత్తం చదివి, తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది, "రెండో పేజీలో 'నష్టపరిహారం' అన్న మాట నాలుగు రకాలుగా అచ్చయింది, గమనించగలరు" అని అంచున రాసి మరీ పంపారు. పత్రంలో దిద్దుబాట్లున్నాయి, చెల్లదని తిప్పి పంపేశారు. నకలు కోసం ఇంకో దరఖాస్తు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. ఆయన మాత్రం ఏమీ పశ్చాత్తాపపడటం లేదు. "తప్పు తప్పే" అంటున్నారు.

ఉంటాను. పొయ్యి మీద ఏదో మాడుతోంది, లేకపోతే ఎవరి నిక్కరో.

నీ వదిన

*

జూన్ 21

వదినా,

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. మా వంటాయన నవ్వి నవ్వి గరిటె పులుసులో పడేసుకున్నాడు. వాన సంగతి చదివినప్పుడు మాత్రం అందరూ గోడలవంక చూశారు.

కంపెనీ వాళ్ళు నాకు కూడా రాశారు. యజమాని ట్యాంకంటున్నారు, ఇంట్లో ఉండేవాళ్ళు ఏనుగంటున్నారు, ఇంతకీ ఆ ఇంట్లో ఉండేవాళ్ళెవరు అని ఒక ఫారం. వ్యాను వెళ్ళిపోతోందని డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తుంటే నించునే నింపి పంపేశాను. ఇక ఆ గొడవ తీరినట్టే.

సర్వేయరు వచ్చినప్పుడు ఒక్క మాట. వదినా, కోపం తెచ్చుకోకు. నువ్వు తక్కువ మాట్లాడు. అడిగినదానికి అవును, కాదు, అంతే. అన్నయ్యను వీలైతే ఏదైనా పని మీద బయటికి పంపెయ్.

నీ మరదలు

*

జూన్ 27

మరదలా,

తక్కువ మాట్లాడాలా? సరే. మాట్లాడాను.

సర్వేయరు నిన్న వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చంకలో నిచ్చెన, మొహంలో నవ్వన్నది లేదు. మీ అన్నయ్యను పోస్టాఫీసుకు పంపాను గానీ, "వట్టి కాళ్ళతో ఎంత దూరం వెళ్తాను" అని వీధి చివర్నించే వెనక్కి వచ్చేశారు.

సర్వేయరు గది చుట్టూ చూసి "ఇది ఇల్లాండీ, దుకాణమా?" అన్నాడు. నువ్వు చెప్పినట్టు "అవును" అన్నాను. "అవును అంటే?" అన్నాడు. "కాదు" అన్నాను. ఇక తర్వాత నావల్ల కాలేదు. కడుపుబ్బిపోయి, ఊళ్ళో సగం పిల్లలు నేను కుట్టిన యూనిఫారాలే వేసుకుంటారని, నా దగ్గర జేబు కుట్టు ఊడిందన్న మాట ఇంతవరకూ రాలేదని మొత్తం చెప్పేశాను. ఆయన రాసుకుంటూ పోయాడు. ఇంటి బీమాలో దుకాణం సామానుకు డబ్బు రాదట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు నా మిషన్లనే మింగింది.

అది చాలదన్నట్టు మీ అన్నయ్య ముందుకొచ్చి ఛాతీ విరిచి, "నేను మూడేళ్ళ నుంచీ అంటూనే ఉన్నాను ఇది కూలుతుందని!" అన్నారు. నేను కాలు తొక్కాను. చెప్పులు లేవుగా, కెవ్వుమన్నారు. తెలిసి తెలిసి మరమ్మతు చేయించకపోతే పైసా రాదని ఆ పాలసీలో దిద్దింది ఆయనే!

సర్వేయరు కలం ఆపి, "మూడేళ్ళుగా ఎవరితో అంటున్నారండీ?" అని అడిగాడు.

మీ అన్నయ్య నావంక చూశారు. "మనసులో" అన్నారు.

"మనసులో అనుకున్నది మా రిపోర్టులోకి రాదండీ" అని ఆయన ఆ వాక్యం కొట్టేశాడు. అప్పుడు చూశాను, పెదవి ఒక మూల కాస్త వణికింది. డాబా ఎక్కి, ట్యాంకు దిమ్మెలో మిగిలినదంతా చెయ్యి పెట్టి తడిమి, ఇటుకలు బాగానే ఉన్నాయి, లోపలి గొట్టం ఉన్నట్టుండి పగిలి స్లాబు నానిపోయింది, ఇందులో మీ అశ్రద్ధేమీ లేదని తనంతట తనే చెప్పాడు. కప్పు డబ్బు వస్తుందట. వెళ్ళేముందు బల్ల కింద నుంచి చెప్పులు తీసి మీ అన్నయ్య చేతికిచ్చి "ఇక వేసుకోవచ్చండీ" అన్నాడు.

అంతా చెడ్డవాళ్ళు కారు, మరదలా. ఆ మిషన్లు ఒక్కటే నా దిగులు.

నీ వదిన

*

జూలై 3

గౌరవనీయులైన మరదలు గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను.

బీమా కంపెనీ వారు పంపిన ఉత్తరం నకలు దీనితో జతచేస్తున్నాను. అందులో వారు రాసినది ఇది: "ఇంటి యజమానురాలి ప్రకటన ప్రకారం మీరు సదరు ఇంట్లో ఏ హక్కూ లేకుండా ఆమె అనుమతి మీద ఉంటున్న వ్యక్తులు. కావున ఇకపై ఈ విషయమై మీతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపజాలము."

నిజమే. మామయ్యగారు ఇల్లు మీ పేరున రాశారు. మీ అన్నయ్యకు రాస్తే ఎవరెవరికో హామీ సంతకాలు పెట్టి పోగొడతారని ఆయన భయం, అది సబబైన భయమే. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను, నా నోటి వెంట ఒక్క మాట రాలేదు. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి మీరు స్కూలు పిల్ల. మొదటిసారి మీకు యూనిఫారం ఆ గదిలోనే కుట్టాను. ఏ హక్కుతో కుట్టానో ఇప్పుడు తెలియడం లేదు.

బజారు వీధిలో ఒక గది చూశాం. ముందు గది బాగుపడగానే తాళాలు మీకు అప్పజెప్పుతాం.

ఇట్లు,
సదరు ఇంట్లో ఉంటున్న వ్యక్తి

*

జూలై 4

వదినా,

ఈ వారం వ్యాను ఉత్తరాలు తేలేదు, కొండ దారి బురదగా ఉందని డ్రైవరు ఆ సంచి కిందే దింపేసి వచ్చాడట. అయినా నా సంతోషం ఆపుకోలేక రాస్తున్నాను. కప్పు డబ్బు మంజూరైందని కంపెనీ వాళ్ళు అప్పుడే మా ఆఫీసు ద్వారా ఇక్కడి వైర్‌లెస్‌కు కబురు పంపారు!

ఇన్నాళ్ళకు ఆ ఇంటికి మంచి రోజులొచ్చాయి. ఒక పని చేద్దాం. ఈ వంకతో ఇంట్లో పాతవన్నీ వదిలించేసుకుందాం. ఏళ్ళ తరబడి ఒక మూల పాతుకుపోయి కదలకుండా ఉన్నవి ఎన్ని లేవు? మొహమాటానికి ఎన్నాళ్ళు భరిస్తాం? ఇల్లు ఖాళీ అయితే గాలీ వెలుతురూ వస్తాయి. ఆ గది నేనే బాగు చేయించుకుంటాను, నాకు చాలా ఆలోచనలున్నాయి. ఆగస్టులో సెలవు దొరుకుతుంది, ఆ లోపల నువ్వు అన్నీ సర్దేసి ఉంచు.

సంతోషంతో,
నీ మరదలు

*

జూలై 10

మరదలు గారికి,

మీ ఉత్తరం అందింది. చాలా స్పష్టంగా రాశారు. మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "పాతుకుపోయి కదలకుండా ఉన్నవి" అన్నచోట మంచం దిగి నిలబడ్డారు.

బజారు వీధి గదికి అడ్వాన్సు ఇచ్చేశాం. సర్దుతున్నాం. మీరు ఆగస్టు దాకా మొహమాటపడనక్కర్లేదు.

ఒక విషయం మీకు తెలియజేయడం నా ధర్మం. కంపెనీలో మొదట నాతో మాట్లాడిన ఆ ఫోనమ్మాయి మొన్న తనంతట తనే ఫోన్ చేసింది. ఏనుగని రాసుకున్నది తనేనట. ఆఫీసులో అందరూ ఆటపట్టిస్తున్నారట. అందుకని మన కేసు అంతా మళ్ళీ చదివిందట. "మేడం, ఇంట్లోనే కూర్చుని చేసుకునే చిన్న పనికి వాడే పనిముట్లకు కూడా ఈ పాలసీ వర్తిస్తుంది. ఎవరూ చూడని పేజీలో ఉంది. సర్వేయర్ గారు కూడా అదే అన్నారు. మీ మిషన్లకు వస్తుంది" అంది.

"కాకపోతే యజమాని కుటుంబ సభ్యులకే ఇస్తారు. మీరు ఆవిడకు ఏమవుతారు మేడం?" అని అడిగింది.

ఎంత తేలిక ప్రశ్న! రోజుకు పదిసార్లు చెప్పే జవాబు. తర్వాత చేస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను.

పరాయి పిల్ల నా మిషన్ల కోసం పేజీలు తిరగేసింది. అంతకంటే రాయను. రాస్తే మీ అన్నయ్య బాధపడతారు. ఆయన ఈ మధ్య దేన్నీ దిద్దడం లేదు.

ఇట్లు,
వదిన అని ఇన్నాళ్ళూ మీరు పిలిచిన మనిషి

*

జూలై 14

వదినా, వదినా, వదినా,

నీ మూడు ఉత్తరాలూ ఒకే వ్యానులో వచ్చాయి. చివరి రెండూ చదివి బుర్ర పనిచేయలేదు. తిరిగి వెళ్ళే వ్యానెక్కి కొండ దిగాను. నీకు ఫోన్ చేస్తే "మీరు డయల్ చేసిన నంబరు" అని అది పాటపాడుతోంది. కావాలనే కట్టేశావని తెలుసు. అందుకని ఇక్కడి పోస్టాఫీసు బల్ల మీదే, తాడు కట్టిన పెన్నుతో రాస్తున్నాను. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటే తిట్టుకోకు.

మొదటిది, ఆ "పాతవి". నేనన్నది ఇనప బీరువాను! తలుపు పడని ఆ బీరువా, మూడు కాళ్ళ కుర్చీలు, నాన్న పోగుచేసిన ఖాళీ డబ్బాలు! నిన్నూ అన్నయ్యనూ మూలన పాతుకుపోయారని నేనంటానా? అన్నయ్యనంటే అనొచ్చు. నిన్నెందుకంటాను?

రెండోది, ఆ ఫారం. ఇంట్లో ఉండేవాళ్ళు యజమానికి ఏమవుతారో గడిలో టిక్కు పెట్టాలట. భర్త, పిల్లలు, అద్దెదారు, చివరన ఏ హక్కూ లేని ఇతరులు. అంతే! వదినకు గడి లేదు. అన్నయ్యకూ లేదు. అద్దెదారని పెడితే నీ దగ్గర అద్దె తీసుకున్నదాన్నవుతాను, చెయ్యి రాలేదు. హారన్ మోగుతుంటే చివరి గడిలో పెట్టేశాను. అది మనుషుల్ని ఏమంటుందో చదవనేలేదు. కేసు తీరిందనుకున్నాను. అయిపోయింది కేసు కాదు, నా పని.

పోస్టాఫీసు ఫోన్ నుంచే కంపెనీకి చేశాను. నీ ఫోనమ్మాయే దొరికింది. "ఆవిడ నాకు వదిన. అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆవిడే. నా మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ చొక్కా ఆవిడే కుట్టింది, ఆ చొక్కా వల్లే వచ్చిందంటుంది కూడా" అన్నాను.

"మా ఫారంలో వదిన లేదండీ" అంది పాపం.

"అయితే రాసుకోండి" అన్నాను. వెనక క్యూలో ఉన్నాయన "రాసుకోమ్మా, పాపం!" అని నా భుజం మీది నుంచి ఫోన్‌లోకి అరిచాడు. ఆ అమ్మాయి నవ్వేసి, గడి పక్కన చేత్తో "వదిన, కుటుంబ సభ్యురాలు" అని రాసుకుని, పైవాళ్ళ సంతకం కూడా పెట్టించి అరగంటలో తిరిగి చేసింది. నీ మిషన్లకు మంజూరైంది.

మూడోది. వచ్చే ఏటి నుంచి పాలసీలో నీ పేరు కూడా వేయమని అడిగాను. ఇంట్లో వాటా లేనివాళ్ళ పేరు మీద ఇంటి బీమా ఇవ్వరట. అది వాళ్ళ నిబంధన, ఎవరికోసమూ మార్చరట.

సరే, వాళ్ళ నిబంధన వాళ్ళు మార్చుకోకపోతే మనది మనం మార్చుకుందాం. పోస్టాఫీసు పక్కనే వకీలు ఉన్నాడు, వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఇంటిని నీకూ నాకూ సగం సగం రాయిస్తున్నాను. నీకే. అన్నయ్యకు కాదు, నాన్న భయం నాకూ ఉంది. ఇది నిన్ను బుజ్జగించడానికి అనుకోకు. ఎప్పుడో చేయాల్సిన పని, ఒక గొట్టం పగిలితే గానీ నాకు తోచలేదు.

ఈ నెలాఖరులో బయల్దేరి వస్తున్నాను. ఈలోపల ఇల్లు వదిలి ఒక్క అడుగు వేశావా, చూడు మరి.

నీ మరదలు, నీ మరదలు, నీ మరదలు

*

జూలై 19

మరదలా,

కొండ దిగిందానివి మళ్ళీ ఎక్కావో లేదో తెలియక ఈ ఉత్తరాన్ని ఆ పోస్టాఫీసుకే పంపుతున్నాను. నీ ఉత్తరం మీ అన్నయ్య గట్టిగా చదువుతుంటే విన్నాను. "అన్నయ్యనంటే అనొచ్చు" అన్నచోట ఆయన ఆగి, అది మింగేసి, తర్వాతి వాక్యం నుంచి చదివారు. నేను చూడలేదనుకున్నారు.

నాకు కోపం పోయిందని అనుకోకు. వదినల కోపం అలా పోదు, కాస్త కాస్త వాడుకుంటాం.

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. అర్ధ ఇల్లు రాసిచ్చే ఆడబిడ్డను ఏమనాలో ఏ సామెతలోనూ లేదు. వద్దందామని రెండు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మంచి మర్యాదగా, ఘనంగా వద్దందామని. అప్పుడు ఆ ఫోనమ్మాయి మిషన్ల సంగతి చెప్పడానికి చేసింది. "ఇంకో వివరం కావాలి మేడం, ఆ ఇల్లు ఎవరిదని రాసుకోమంటారు?" అంది. నా నోటి సంగతి నీకు తెలుసుగా. మంచీ మర్యాదా ఆలోచించేలోపలే "మాది" అనేసింది. ఇక వద్దనడానికి ఏముంది?

బజారు వీధి గది యజమాని అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు. పోనీలే అని అక్కడ కుట్టు దుకాణం పెట్టేస్తున్నాను. పొయ్యి పక్కన కుట్టి కుట్టి నేను కూడా తాలింపు వాసన కొడుతున్నాను. కొత్త మిషన్లు రెండూ నేరుగా అక్కడికే దిగుతాయి. యూనిఫారాలు ఆలస్యమైతే అయ్యాయి, పిల్లలు పాతవి వేసుకుని స్కూలుకెళ్ళారు, ఎవరి చదువూ ఆగలేదు.

సగం సగం అన్నావు. ఏది ఎవరి సగమో ఇప్పుడే తేల్చేసుకుందాం, తర్వాత గొడవలొద్దు. వంటిల్లు, పెరడు నావి. వెనక గది మీ అన్నయ్యది, ఎవరి సగంలో ఉన్నా ఆయన అక్కడి నుంచి కదలరు. ముందు గది నీది. కప్పు కొత్తగా పోశారు, సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. కిటికీ పక్కన నీకు మంచం వేయించాను, ఇక సెలవులకు వచ్చి చుట్టంలా వసారాలో పడుకోవడం కుదరదు. ఇనప బీరువాను మాత్రం అమ్మనివ్వను. అది నా సగంలోకి జరిపించాను.

వడ్రంగి ఇదిగో వస్తానంటూ వారం నుంచి తిప్పుతున్నాడు. నువ్వెంత పొద్దుపోయి వచ్చినా పరవాలేదు, తలుపు కొట్టనక్కర్లేదు. ఇంకా తలుపు పెట్టలేదు.

నీ వదిన